గొట్టాల మునెమ్మ

ఫీజీ దీవుల్లోని విటిలెవు పడమటి తీరాన, లౌటోకా నుంచి చెరకు బండ్ల పట్టాల వెంట ఒక పూట నడిస్తే వచ్చే చోట, గిర్మిట్ల కాలంలో, అంటే ఒప్పందం మీద కూలీలని ఓడల్లో తెచ్చుకున్న రోజుల్లో, ఒక చిన్న చక్కెర మిల్లు ఉండేది. ఇప్పుడు దాని గోడలు కూడా మిగల్లేదు. ఆ మిల్లులో చేసినవాళ్ళ మనవళ్ళు, తామూ ముసలివాళ్ళయిపోయినా, ఒక పేరు మాత్రం మరిచిపోలేదు. గొట్టాల మునెమ్మ.

మునెమ్మది పుత్తూరు దగ్గర పల్లె. తండ్రి తోలు పని చేసేవాడు. ఎద్దులు లాగే మోటకి తోలు బాన, బాన అడుగున నీళ్ళు జారే తోలు తొండం ఆయన చేతిలో తయారయ్యేవి. బానకీ తొండానికీ మధ్య ఇనుప కట్టు దగ్గర కుట్టు ఎలా పడాలో, ఆ మెడ దగ్గరే తోలు ముందుగా ఎందుకు చీకిపోతుందో, మునెమ్మ ఎవరూ నేర్పకుండానే తెలుసుకుంది. తండ్రి కుడుతుంటే దారం పట్టుకుని కూర్చునేది అంతే.

తర్వాత వానలు మొహం చాటేశాయి. బావుల్లో నీళ్ళే లేకపోతే మోటలెవరికి కావాలి? పెళ్ళయిన మరుసటి ఏడే మునెమ్మ, ఆమె మొగుడు గంగయ్య మద్రాసు డిపో చేరి, ఐదేళ్ళ గిర్మిటుకి ఒప్పుకుని ఓడెక్కారు. ఓడలో పక్కన చాప పరుచుకున్న ఆడమనిషి, కౌశల్య అని, "మీదేం పని?" అని అడిగింది. గంగయ్య నోరు తెరవకముందే "సేద్యం" అంది మునెమ్మ. తోలు పని ఇంటివాళ్ళు ఊరి బావికి ఎంత దూరంలో నిలబడాలో ఆమెకి బాగా తెలుసు. ఇంత సముద్రం దాటుతూ ఆ దూరాన్ని కూడా మూటగట్టుకుని పోవడం దేనికి అనుకుంది.

ఆ అబద్ధం ఆమెకి రెండేళ్ళు సుఖమిచ్చింది. లైన్లు అని పిలిచే కూలీల గదుల వరసల్లో కౌశల్య, ఆమె మొగుడు గోవిందస్వామి పక్క గదిలోనే ఉండేవారు. ఆడవాళ్ళిద్దరూ ఒకే పొయ్యి మీద వండుకునేవారు. పగలంతా మిల్లు కొట్టంలో చక్కెర సంచులు కుట్టేవారు. మొగవాళ్ళిద్దరికీ చెరకు రసం కాగే పెద్ద ఇనుప కాగుల దగ్గర పని.

వారం చివర్లో కాగులు కడిగేవారు. బాయిలరు నుంచి వచ్చే పైపుకి రబ్బరు గొట్టం తగిలించి, కాగులోకి ఆవిరి వదిలితే గోడలకి పట్టిన పాకమంతా కరిగి కారిపోయేది. గొట్టాన్ని పైపుతో కలిపే ఇత్తడి ముక్కని కప్లింగు అనేవారు. ఒక శనివారం గంగయ్య గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. గోవిందస్వామి వెళ్ళి ఆవిరి తిప్పాడు. కాసేపు బాగానే ఉంది. ఉన్నట్టుండి గొట్టం కప్లింగు నుంచి జారి ఊడి, తోక తొక్కిన పాములా లేచి, అటొక దెబ్బా ఇటొక దెబ్బా కొట్టింది. ఆవిరంతా గంగయ్య ఎడమ పక్క మీదికి వచ్చింది. గోవిందస్వామి పాక్కుంటూ పోయి ఆవిరి కట్టేసేసరికి గంగయ్య భుజం నుంచి నడుము దాకా కాలిపోయింది.

మిల్లు ఆసుపత్రి అంటే రేకుల కప్పు కింద నాలుగు మంచాలు. మునెమ్మ పని కాగానే వచ్చి, అరిటాకు మీద పడుకోబెట్టిన మొగుడికి విసురుతూ కూర్చునేది. అతను బతుకుతాడని తేలిన రోజున ఆమె కళ్ళనీళ్ళు తుడుచుకుని "దేవుడు చల్లగా చూసినాడు" అంది.

గంగయ్య నవ్వబోయి, నొప్పికి ఆగిపోయాడు. "చూసినాడు లేమ్మే. బాగైనాక మళ్ళా ఆ కాగు కాడికే గదా నేను పొయ్యేది. ఆ గొట్టమే గదా పట్టుకోవాల్సింది. గిర్మిటు ఇంకా ఎంతుండాదో తెలుసునా?"

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. మర్నాడు సంచుల కొట్టం నుంచి నీళ్ళకని లేచి, తిన్నగా మిల్లు వెనక పాత సామాన్లు పడేసే చోటికి పోయింది. ఆ గొట్టం అక్కడే ఎండలో పడి ఉంది. మునెమ్మ కూర్చుని, కప్లింగు ఊడిన చోట బొటనవేలితో నొక్కి చూసింది. ఉడికిన కందగడ్డలా మెత్తగా లోపలికి పోయింది వేలు. పక్కనున్న ఇంకో గొట్టాన్ని నొక్కితే గట్టిగా ఉంది.

"దాన్ని ముట్టకు బహినీ" అని వెనకనుంచి ఎవరో అన్నారు. శివ ప్రసాద్. ఫిట్టర్ల దగ్గర పనిచేసే మనిషి, ఉత్తరాదిన బస్తీ జిల్లావాడు. గిర్మిటు ముగిసి, మిల్లులోనే ఉండిపోయినవాడు. లైన్లలో తిరిగి తిరిగి వచ్చీరాని తెలుగు మాట్లాడేవాడు.

"ఇదెందుకన్నా ఇంత మెత్తంగా అయిపోయింది?"

"అది పానీ గొట్టం. నీళ్ళకోసం. స్టీము గొట్టం అలగ్. దాని లోపల గుడ్డ మడతలు జాస్తీ, రబ్బరు వేరే. స్టీము గొట్టం చినిగిపోయింది. కొత్తది జహాజులో రావాలి. సర్దారు జల్దీ జల్దీ అన్నాడు. ఇది తగిలించారు."

"తెలిసే తగిలించినారా?"

శివ ప్రసాద్ చేతిలో రెంచి ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "తెలిసే" అన్నాడు. "నేనే బిగించాను. చిప్పల బిగింపు దొరకలేదు. తీగె చుట్టాను."

మునెమ్మ అతన్ని ఒక్క మాట అనలేదు. అనాలనిపించలేదని కాదు. మొగుడు వెళ్ళాల్సిన చోటికి ఈ మనిషి కూడా వెళ్తాడు, ఇతని చేతులతోనే మళ్ళీ బిగించాలి అన్నది ఆమెకి అప్పటికే తోచింది. "అన్నా, మిల్లులో ఉండే గొట్టాలన్నీ నాకు ఒకసారి చూపిస్తావా?" అని అడిగింది.

మిల్లు యంత్రాలన్నిటికీ పెద్ద ఒక తెల్లాయన. నెరిసిన మీసాలు, తక్కువ మాట. కూలీలు మిస్త్రీ దొర అనేవారు. శివ ప్రసాద్ మునెమ్మని ఆయన దగ్గరికి తీసుకుపోయాడు. కూలీల మీద పెత్తనం చేసే సర్దారు భగవాన్ కూడా అక్కడే ఉన్నాడు. సంచుల కొట్టం ఆడవాళ్ళు కొందరు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. వాళ్ళలో కౌశల్య ఉంది.

"గొట్టాలు చూస్తుందట. ఎప్పటికప్పుడు నొక్కి చూసి, పాడైనవి పక్కన పెడుతుందట" అని శివ ప్రసాద్ హిందుస్తానీలో చెప్పాడు.

సర్దారు నవ్వాడు. "పొలం దున్నుకునే ఇంటి పిల్లకి గొట్టాల సంగతి ఏం తెలుస్తుంది?"

మిస్త్రీ దొర నవ్వలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు. "ఏం తెలుసు నీకు?"

శివ ప్రసాద్ ఆ ప్రశ్నని తెలుగులో చెప్పాడు. మునెమ్మ తలుపు వైపు చూసింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అయితే గంగయ్య వీపు మీద చర్మం పొరలుగా లేవడం ఆమె పొద్దునే చూసి వచ్చింది.

"మాది సేద్యం కాదు" అంది గట్టిగానే. "మా నాయన తోలు పని చేస్తాడు. మోటకి బానలు, తొండాలు కుడతాడు. తోలుని ఇనుముకి కట్టే చోట ఎట్ల తెగుతుందో నేను పుట్టినప్పటినుంచి చూస్తా ఉండా. రబ్బరు నాకు తెలీదు. నేర్చుకుంటా."

శివ ప్రసాద్ ఆ మాటలు చెప్పాక దొర తల ఊపాడు. సంచుల పని తగ్గే కాలంలో ఈమెని గొట్టాల దగ్గర పెట్టమన్నాడు. ఆయనకి మునెమ్మ మీద నమ్మకం కుదిరిందని కాదు. గొట్టాలు చూసేందుకు ఒక మనిషి కావాలని ఆయన ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాడు, కంపెనీ ఎవరినీ ఇవ్వలేదు. ఇప్పుడు ఒక మనిషి తనంత తాను వచ్చి అడిగింది.

ఆ సాయంత్రం మునెమ్మ గదికి వచ్చేసరికి ఇద్దరూ వండుకునే పొయ్యి ఖాళీగా ఉంది. కౌశల్య తన గది ముందు మూడు రాళ్ళు పెట్టుకుని వేరే పొయ్యి వెలిగించుకుంది. మునెమ్మ నిలబడి కాసేపు ఆ పొగని చూసింది. తర్వాత తన బియ్యం తను కడుక్కుంది.

చెరకు ఆడించడం ఆగిపోయాక మిల్లు చల్లబడింది. మునెమ్మ, శివ ప్రసాద్ మిల్లంతా తిరిగి గొట్టాలన్నీ ఒకచోట చేర్చారు. కొన్ని మేకులకి వేలాడి, మేకు దగ్గరే విరిగి మడత పడ్డాయి. కొన్ని సున్నం బస్తాల కింద నలుగుతున్నాయి. కొన్నిటికి ఒక కొసన ఒక రకం కప్లింగు, ఇంకో కొసన ఇంకో రకం. మరలు ఒకదానికొకటి కలవకపోయినా సుత్తితో కొట్టి బలవంతాన ఎక్కించినవి. మునెమ్మ కూర్చుని ఒక్కోదాన్నీ కొస నుంచి కొస దాకా బొటనవేలితో తడుముతూ పోయేది. ఎక్కడ ఉబ్బింది, ఎక్కడ పగిలింది, ఎక్కడ మెత్తబడింది ఆమె చెబుతుంటే శివ ప్రసాద్ సుద్దతో గుర్తు పెట్టేవాడు.

అప్పుడే ఆమె ఒక పెద్ద పొరపాటు చేసింది. తోలు తొండానికి తండ్రి నూనె పట్టించేవాడు. నూనె తాగిన తోలు పగలదు. మంచి గొట్టాలు ఏరి, పక్క ఊరి ఫీజీ ఆడవాళ్ళ దగ్గర కొబ్బరి నూనె తెచ్చి, ఒక పూటంతా కూర్చుని వాటికి రుద్దింది. అవి నల్లగా నిగనిగలాడుతుంటే చూసి మురిసిపోయింది. కొన్నాళ్ళకి వచ్చి చూస్తే అవి ఉబ్బి, చేతికి జిగటగా అంటుకుంటున్నాయి.

శివ ప్రసాద్ తల పట్టుకున్నాడు. "తేల్! రబ్బరుకి తేల్ పట్టించావా బహినీ? తేల్ రబ్బరుని తినేస్తుంది!"

మునెమ్మ తనే మిస్త్రీ దొర దగ్గరికి పోయి ఆ గొట్టాలు ఆయన ముందు పెట్టింది. ఆయన చాలాసేపు కోపంగా మాట్లాడాడు. శివ ప్రసాద్ అందులో సగమే తెలుగులో చెప్పాడు. కోపం చల్లారాక దొర ఒక ముక్క కోసి, లోపలి పొరలు విడదీసి చూపించాడు. లోపల రబ్బరు, మధ్యలో గుడ్డ మడతలు, పైన మళ్ళీ రబ్బరు. వేడి ఏ పొరని చెడగొడుతుందో, నూనె ఏ పొరని చెడగొడుతుందో, ఎండ ఎక్కడ పగలగొడుతుందో చెప్పాడు. కాగులకి గట్టిగా అంటుకున్న మడ్డిని కరిగించే సోడా నీళ్ళకి, తాగే నీళ్ళకి, ఆవిరికి ఒకే గొట్టం ఎందుకు పనికిరాదో చెప్పాడు. మునెమ్మ చెవులప్పగించి వింది. తోలు సంగతి మరిచిపోవాలి, అయితే వేలు మాత్రం మరిచిపోకూడదు అని ఆ రోజు గంగయ్యతో అంది.

గంగయ్యకి అప్పటికి గాయాలు మానాయి. ఎడమ చెయ్యి భుజం పైకి లేచేది కాదు. అయినా పగిలిన పీపాలు కోసి, గుండ్రటి దిమ్మలు చేసి గోడకి కొట్టి పెట్టాడు. గొట్టాలు మేకుల మీద విరగకుండా, నీడలో, నీళ్ళన్నీ కారిపోయి, ఆ దిమ్మల మీద చుట్టలుగా వేలాడాయి. ఆవిరి గొట్టాలకి ఎర్ర రంగు పట్టీ, నీళ్ళవాటికి తెల్లది, సోడా నీళ్ళవాటికి నల్లది. చదువు రానివాళ్ళకి కూడా అది చాలు.

మునెమ్మకి తండ్రి చేసే ఇంకో పని గుర్తుకొచ్చింది. బానకీ తొండానికీ మధ్య కట్టు ఊడినా తొండం బావిలో పడిపోకుండా ఆయన పక్కన ఇంకో తాడు వదులుగా కట్టేవాడు. తోడు తాడు అనేవాడు దాన్ని. ఆమె గొట్టానికీ పైపుకీ మధ్య కప్లింగు మీదుగా అలాంటి తాడు కట్టి చూపించింది.

శివ ప్రసాద్ కళ్ళు చిట్లించి చూశాడు. "ఊడినా ఎగరదు. అచ్ఛా. కానీ స్టీము తాడుని కాల్చేస్తుంది."

"అయితే గొలుసు పెడదాం" అంది మునెమ్మ.

గొలుసు పెట్టారు. తీగె చుట్టడం మానేసి, రెండు చిప్పలుగా వచ్చి మరలతో బిగుసుకునే ఇత్తడి బిగింపులు శివ ప్రసాద్ ఒక్కొక్కటీ చేసి పెట్టాడు. ఆ ఏడు అతను మిగతా మొగవాళ్ళతో యంగోనా అనే మత్తు వేరు రసం తాగడానికి కూడా పోకుండా, సాయంత్రాలు కొలిమి దగ్గరే ఉండిపోయేవాడు.

మళ్ళీ చెరకు కోతలు మొదలయ్యాయి. పట్టాల మీద బండ్లు బారులు తీరాయి. కాగులు కడిగే రోజున మునెమ్మ ఆవిరి గొట్టాన్ని తడుముతూ వచ్చి, కప్లింగుకి కాస్త ఇవతల ఆగిపోయింది. వేలి కింద చిన్న బొడిపె. పోకచెక్కంత కూడా లేదు. గొట్టాన్ని దింపి పక్కన పెట్టింది.

సర్దారు భగవాన్ పరుగున వచ్చాడు. "ఏంటిది? కాగులు కడగాలి. తెల్లారితే చెరకు ఆడాలి. తగిలించు."

"ఇది తగిలించేది లేదు సర్దార్‌జీ. లోపల పొర ఊడింది."

"నాకు కనపడ్డం లేదే."

"వేలికి కనపడతా ఉంది."

"గిర్మిటులో ఉండి పని కాదంటే ఏమౌతుందో తెలుసుగా? లౌటోకా కోర్టు. ఆ తర్వాత జైలు." అతను గొట్టం తీసుకోబోయాడు.

మునెమ్మ ఆ చుట్ట మీద కూర్చుంది. చీర కొంగు నడుముకి బిగించుకుని, రెండు చేతులూ గొట్టం మీద వేసి కూర్చుంది. "కోర్టుకే పంపు. గోవిందస్వామన్నకీ మా ఆయనకీ దీన్ని ఇయ్యను" అంది.

గోవిందస్వామి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆ రోజు గొట్టం పట్టుకోవాల్సింది అతనే. గొట్టం అందుకోవడానికి ముందుకి రాలేదు. గంగయ్య వచ్చి పెళ్ళాం పక్కన నిలబడ్డాడు.

గొడవ విని మిస్త్రీ దొర దిగి వచ్చాడు. ఆ బొడిపెని తనూ నొక్కి చూశాడు. ఆయనకీ ఖాయంగా తోచలేదు. "చన్నీళ్ళు పట్టించి చూద్దాం" అన్నాడు.

గొట్టం ఒక కొస మూసేసి, ఇంకో కొసన చేతి పంపు తగిలించారు. మునెమ్మ అందరినీ దూరం జరగమంది. శివ ప్రసాద్ పంపు కొడుతుంటే ఒత్తిడి చూపే గడియారంలోని ముల్లు మెల్లగా పైకి ఎక్కింది. ఆవిరి నడిచే గీత దాటింది. గొట్టం బిగుసుకుని నిలబడింది గానీ ఒక్క చుక్క కారలేదు.

సర్దారు చేతులు చాపాడు. "చూశారా? బాగానే ఉంది."

అందరూ మునెమ్మ వైపు చూశారు. తప్పు పట్టానా? నూనె పట్టించిన రోజులాగే ఇదీనా? అయినా గొంతు పెంచకుండా శివ ప్రసాద్‌తో అంది. "విడవొద్దన్నా. అట్లే పట్టుకో. కాసేపు ఉండనీ."

దొర కూడా సరేనన్నట్టు చెయ్యి చూపించాడు. వాళ్ళు నిలబడ్డారు. బయట బండ్ల దగ్గర ఎద్దులు మెడలు ఊపుతున్న చప్పుడు వినిపిస్తోంది. కొంతసేపటికి బొడిపె ఉన్నచోట రబ్బరు మీద తమలపాకు ఈనెలా చిన్న గీత తేలింది. గీత మీద తడి మెరిసింది. ఆ మరుక్షణం గొట్టం పెళ్ళున పగిలి, చన్నీళ్ళు గోడంత ఎత్తు లేచి, దగ్గరగా వంగి చూస్తున్న సర్దారుని తల నుంచి కాళ్ళ దాకా తడిపేశాయి.

ముందు గోవిందస్వామి నవ్వాడు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. దొర మీసాల కింద కూడా నవ్వే. సర్దారు మొహం తుడుచుకుంటూ, చేతికంటిన నీళ్ళు చూసుకుంటూ నిలబడ్డాడు. అవి చన్నీళ్ళు కాకపోయి ఉంటే ఏమయ్యేదో అతనికీ తట్టినట్టుంది. "కాగులు రేపు కడుగుదాం" అని మెల్లగా అన్నాడు.

ఆ సాయంత్రం లైన్లలో గోవిందస్వామి తిన్నగా మునెమ్మ గది ముందుకి వచ్చి నిలబడ్డాడు. "చెల్లీ, కొంచెం మంచినీళ్ళు ఇయ్యి" అన్నాడు. ఆమె చెంబు ఇచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా చూస్తుండగా అతను గడగడా తాగి, చెంబు ఆమె చేతికే ఇచ్చాడు. కౌశల్య తన పొయ్యి దగ్గర కూర్చుని తల ఎత్తలేదు. ఏడాది దాటాక ఒకనాడు వచ్చి, పొద్దున్నుంచి మాట్లాడుతున్న దానికి కొనసాగింపు అన్నట్టు, ఉప్పు ఉందా అని అడిగింది. రెండు గదుల అవతలి ముసలమ్మ మాత్రం పోయేదాకా మునెమ్మ చేతి నీళ్ళు తాగలేదు. దాని గురించి మునెమ్మ ఎవరితోనూ ఏమీ అనలేదు, ఆ ముసలమ్మకి జ్వరం వచ్చినప్పుడు కౌశల్య చేత గంజి పంపింది.

గిర్మిటు తీరాక గంగయ్య, మునెమ్మ తవువా వైపు కొంచెం చెరకు నేల కౌలుకి తీసుకున్నారు. మిల్లు మాత్రం ఆమెని వదల్లేదు. ప్రతి ఏడూ చెరకు ఆడించడం మొదలయ్యే ముందు మిస్త్రీ దొర బండి పంపేవాడు. ఆమె పోయి, ఓడలో వచ్చిన కొత్త గొట్టాలని ఒక్కొక్కటీ విప్పి చూసి, రంగు పట్టీలు వేయించి, మరలు కలుస్తున్నాయో లేదో తనే తిప్పి చూసి వచ్చేది. ఆమె తీసి పక్కన పెట్టిన గొట్టాన్ని మళ్ళీ తగిలించే ధైర్యం ఎవరూ చేసేవారు కాదు. పాడైనదాన్ని ఎవరూ ఏరుకుపోకుండా గొడ్డలితో ముక్కలు చేయించిన తర్వాతే ఆమె ఇంటికి బయలుదేరేది. ఒకసారి బిగింపు జారింది, అదీ నిజమే. గొలుసు పట్టి ఆపింది. గొట్టం ఎగరలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె ఉన్నన్నాళ్ళూ గొట్టం వల్ల ఆ మిల్లులో ఇంకో మనిషి కాలిపోలేదని పాతవాళ్ళు చెబుతారు.

గిర్మిట్లు రద్దయిన ఏడు, భగవాన్ తన కోడలు బిమ్లాని వెంటబెట్టుకుని మునెమ్మ ఇంటికి వచ్చాడు. అప్పటికి అతను సర్దారు కాదు, తల నెరిసిపోయింది. మునెమ్మ పీట వేసింది. అతను కూర్చోలేదు.

"మునెమ్మా, ఈ పిల్ల మిల్లులో చేరింది. నువ్వు ఎప్పుడూ రాలేవు గదా. దీనికి నేర్పు."

"నేర్చుకుంటావా?" అని మునెమ్మ ఆ పిల్లనే అడిగింది. బిమ్లా తల ఊపింది.

మర్నాడు ఇద్దరూ కాగుల దగ్గర నిలబడ్డారు. కడగడం అప్పుడే అయిపోయింది. బిమ్లా ఉత్సాహంగా పోయి కప్లింగు మీద చెయ్యి వేసింది. మునెమ్మ ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి తీసింది.

"ముందు అక్కడ ఆవిరి కట్టెయ్. తర్వాత ఈ చిన్న తూము తిప్పి, లోపల మిగిలిందంతా పోనీ. గొట్టం మెత్తబడి వాలిపోయేదాకా దాన్ని ముట్టకూడదు."

తూములోంచి ఆవిరి బుస్సున వచ్చి, సన్నబడి, ఆగిపోయింది. గొట్టం నెమ్మదిగా కిందికి వాలింది.

"ఇప్పుడు విప్పనా అత్తా?" అని అడిగింది బిమ్లా.

"ఇప్పుడు విప్పు" అంది మునెమ్మ.